నారింజ రంగు గోళ్ళు

యాహోస్కాకి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. తండ్రి విసిరిన బంతి బ్యాటుకి తగిలి, తిరిగొచ్చి తండ్రి మొహాన్నే కొట్టడం.

వేరే భయాలు లేవని కాదు. కావలసినన్ని ఉన్నాయి. పాప నయేలికి ఒళ్ళు కాస్త వెచ్చబడితే చాలు, ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటూ కూర్చుంటుంది. సరస్సు మీంచి గాలి గట్టిగా వీస్తే పైకప్పు రేకు ఎగిరిపోతుందని భయం. కోస్తారికాలో కట్టుబడి పనికి వెళ్ళిన పెనిమిటి నుంచి ఒక పూట ఫోను రాకపోతే భయం. ఇవన్నీ వచ్చి పోయేవి. బంతి భయం మాత్రం ఇంట్లో మనిషిలా ఉండిపోయింది.

దానికి కారణం ఎవెనోర్. రీవాస్ మార్కెట్ మూల బెంచీ మీద పొద్దస్తమానం కూర్చుని ఉంటాడే, అతనే. ఒకప్పుడు అతనూ ఆమె తండ్రిలాగే బేస్‌బాల్‌లో బంతి విసిరే పిచ్చరే. యాహోస్కా చిన్నప్పుడు అమ్మ ఒళ్ళో కూర్చుని ఆ ఆట చూసింది. చప్పుడు రెండుసార్లు వినిపించింది. మొదటిది బ్యాటుది. రెండోది ఎవెనోర్ దవడది. ఆ తర్వాత స్టేడియం అంతటా ఎవరూ దగ్గను కూడా లేదు. ఇప్పుడతను మొక్కజొన్న పిండి కలిపిన పినోల్‌ని గొట్టంతో పీల్చుకుంటాడు. పలకరించిన వాళ్ళందరినీ ఒకే పేరుతో పిలుస్తాడు.

బంతి విసిరిన క్షణంలో పిచ్చర్ ఒళ్ళంతా ముందుకి ఒరిగిపోతుంది. ఒంటికాలి మీద ఉంటాడు. మొహానికి అడ్డం ఏమీ ఉండదు. వెళ్ళిన బంతి కంటే తిరిగొచ్చేది జోరుగా వస్తుంది. గ్లవ్ తొడిగిన చెయ్యి లేస్తే బతికాడు, లేకపోతే లేదు. ఆ సంగతి రీవాస్‌లో అందరికీ తెలుసు. తెలిసినా ఎవరూ తలుచుకోరు. యాహోస్కా తలుచుకోకుండా ఉండలేదు.

ఆ ఏడు ఊళ్ళో ఇద్దరు కలిస్తే మాట్లాడుకునేది ఒక్కటే. యాహోస్కా తండ్రి పోలినార్ పోతోయ్ ఆట మానెయ్యాలా, అక్కర్లేదా? ఆయన నలభై దాటినవాడు. మీసం లేని వయసు నుంచి ఊరి జట్టుకి ఎడమచేత్తో బంతులు విసురుతున్నవాడు. "ఎడంచెయ్యి" అంటే చాలు, ఇంటిపేరు అడిగేవాళ్ళు లేరు. మంగలి దుకాణంలో ఒకడు, పేరుండగానే దిగిపోతే గౌరవం అనేవాడు. కత్తెర పట్టుకున్నవాడు జుట్టు వదిలేసి, ఆయన చెయ్యి ఊడి కింద పడేదాకా దిగడానికి వీల్లేదు అని వాదనకి దిగేవాడు. అరటికాయలు కోసే ఆడవాళ్ళు కూడా ఆయన భుజం గురించీ మోచేతి గురించీ తమ ఇంట్లో మనిషి కీళ్ళనొప్పుల్లా మాట్లాడేవాళ్ళు. అందరిదీ చెయ్యి గోలే. చిక్కేమిటంటే, చెయ్యి బాగానే ఉంది. బాగా ఉండటమే కాదు, ఆ సీజన్‌లో ఆయన దిగిన ప్రతి ఆటా ఊరు గెలుస్తూ వస్తోంది.

ఆ గెలుపుల్లో యాహోస్కా చేతికి కూడా కాస్త వాటా ఉందని ఊరి నమ్మకం.

కడుపుతో ఉన్నప్పుడు బడి మానేశాక, ఆమె ముందుగదిలో గోళ్ళకి రంగులు వెయ్యడం మొదలుపెట్టింది. ఒక బల్ల, రెండు కుర్చీలు, సబ్బునీళ్ళ గిన్నె, అరలో సీసాలు. రాత్రి ఆటలున్న రోజుల్లో మొదటి బేరం క్యాచర్ విల్మోర్‌ది. క్యాచర్ బ్యాటు పట్టినవాడి వెనక గొంతుక్కూర్చుని, తొడల మధ్య వేళ్ళు దాచి, ఏ బంతి వెయ్యాలో పిచ్చర్‌కి చూపిస్తాడు. ఒక వేలైతే నేరు బంతి, రెండైతే వంపు బంతి. దీపాల వెలుగులో ఆ వేళ్ళు కనబడటానికి క్యాచర్లు గోళ్ళకి రంగు వేసుకోవడం ఎక్కడైనా ఉన్నదే. విల్మోర్ ఎప్పుడూ పాలరంగు వేయించుకునేవాడు. ఈ సీజన్ మొదట్లో ఒకరోజు వచ్చి, ఇంకాస్త కొట్టొచ్చినట్టు కనబడేది ఏదైనా వెయ్యమన్నాడు. ఎవరూ అడగక అర చివర పడున్న నారింజ రంగు సీసా తీసి వేసింది. పండిన నారింజ కాదు, రోడ్డు పనివాళ్ళు తొడుక్కునే చొక్కాల రంగు. ఆ రాత్రి గెలిచారు. మళ్ళీ వేసింది, మళ్ళీ గెలిచారు.

రేడియోలో ఆట చెప్పేవాడు ఒకరోజు నవ్వుతూ ఆ గోళ్ళ మాట అన్నాడు. అంతే. మర్నాటికి గుమ్మం ముందు వరస. అరటికాయల ఆడవాళ్ళు, బస్సు కండక్టర్లు, టీచరమ్మలు, ఆఖరికి మాంసం కొట్టే కార్మెలో కూడా చిటికెన వేలు చాపాడు. మనాగ్వా నుంచి ఆ రంగు సీసాలు డజన్ల లెక్కన తెప్పించాల్సి వచ్చింది. క్యాచర్ వెనక వైపు మెట్ల మీద కూర్చునే జనం, ఎడంచెయ్యి బ్యాటు పట్టినవాణ్ణి ఇంటికి పంపే మూడో స్ట్రైక్ వెయ్యబోతుంటే పది వేళ్ళూ పైకెత్తి ఆడించేవాళ్ళు. నిప్పురవ్వల తోపులా ఉండేది. యాహోస్కా పాపని చంకనేసుకుని అది చూసి, తన పని ఇంతమంది చేతుల మీద ఉందని మురిసిపోయేది. తండ్రి బంతి విసిరాక మాత్రం కళ్ళు మూసుకునేది.

ఫైనల్ శనివారం. గురువారం మధ్యాహ్నం పక్కింటి దోన్యా చెపా వేళ్ళు సబ్బునీళ్ళలో నానబెట్టుకుని కూర్చుని ఉండగా, విల్మోర్ దొడ్డి గుమ్మంలోంచి లోపలికొచ్చాడు.

"దొడ్డిదారిన వస్తున్నావేంట్రా, పెళ్ళాం తరుముతోందా?" అంది దోన్యా చెపా.

"పెళ్ళయితే గదా తరమడానికి."

"అవుద్దిలే. గోళ్ళరంగు వేసుకునేవాడికి పిల్లనెవరిస్తారో అది చూడాలి ముందు."

"మీ ఆయన కూడా వేసుకున్నాడుగా. మీరు దొరకలేదా ఆయనకి?"

"నేను దొరికినప్పుడు ఆయన గోళ్ళకి మట్టి తప్ప ఏమీ లేదురా," అని ఆవిడ నవ్వి, "ఏంటి తొందర? ఆట ఎల్లుండి కదా," అంది.

విల్మోర్ ఆవిడ వైపు చూడకుండా యాహోస్కాతో అన్నాడు. "ఈ రంగు తీసెయ్ యాహోస్. వేరేది వెయ్యి. చిలకపచ్చ ఉందా? ఏదైనా సరే, ఊళ్ళో ఇంకెవరి చేతికీ లేనిది. నాకు వేశాక ఎవరికీ వెయ్యకు."

దోన్యా చెపా చేతులు నీళ్ళలోంచి తీసేసింది. "మారుస్తావా? గెలిచే రంగు మారుస్తావా? గెలుస్తున్నన్నాళ్ళూ మా ఆయన ఒంటి మీది బనీనే ఉతకనివ్వడం లేదు నన్ను."

"ఆ సంగతి వీధి చివరిదాకా తెలుస్తూనే ఉంది దోన్యా చెపా."

"వేళాకోళం కాదురా. ఓడిపోతే నీదే పూచీ," అని ఆవిడ గౌను అంచుకి చేతులు తుడుచుకుంది. ఎవరికో చెప్పాల్సిన వార్త దొరికినట్టు గబగబా వెళ్ళిపోయింది.

యాహోస్కా విల్మోర్ చెయ్యి బల్ల మీద పెట్టి, దూది తడిపి పాత రంగు తుడవడం మొదలుపెట్టింది. మణికట్టు పైన నల్లగా కమిలి, వాచి ఉంది.

"ఇదేంటి?"

"బంతి."

"నువ్వడిగిన బంతేగా వచ్చేది. నీకు తగలడమేంటి?"

"ఒక్కోసారి తగులుద్దిలే."

ఆమె రెండో గోరు తుడిచింది. మూడోది తుడిచింది. "ఈ నారింజ మిగతా పిచ్చర్లకి కనబడుతోందా?" అంది, అడగాలని కాదు, ఏదో ఒకటి మాట్లాడాలని.

"వాళ్ళకా? కళ్ళలో పొడుస్తోంది, కాస్త తగ్గించరా బాబూ అంటున్నారు," అన్నాడు విల్మోర్. అన్నాక, నోట్లోంచి జారిన మాట ఎక్కడ పడిందో వెతుకుతున్నట్టు బల్ల మీదకి చూస్తూ ఉండిపోయాడు.

దూది ఆగింది. లోపల గదిలో నయేలి ఉయ్యాల తాడు పట్టుకుని తనలో తాను ఏదో చెప్పుకుంటోంది.

"అయితే ఎవరి కోసం వేయించుకుంటున్నావు?"

విల్మోర్ వాచిన మణికట్టు రుద్దుకున్నాడు.

"విల్మోర్, మా నాన్నకి కనబడటం లేదా?"

"పగలు బాగానే కనబడుద్ది," అన్నాడు చివరికి. "ఆరింటికి, దీపాలు వెలిగి ఆకాశం ఇంకా చీకటి పడకుండా ఉంటుందే, అప్పుడే ఇబ్బంది. ఈ రంగు వేశాక కొన్నాళ్ళు బాగా నడిచింది. ఇప్పుడు నా వెనక మెట్ల నిండా అదే రంగు. వందల వేళ్ళు. వాటిలో నా వేళ్ళేవో ఆయనకి దొరకడం లేదు. మొన్న వంపు బంతి అడిగితే నేరు బంతి వచ్చింది. అదే ఈ వాపు."

"ఎప్పట్నుంచి?"

"వానలు మొదలవ్వక ముందునుంచే. మూడో బేసు దగ్గర కాచే కుర్రాడికి నేనే చెప్పా, ఆయన వైపొచ్చిన బంతులన్నీ నువ్వే పరిగెత్తి అందుకోరా అని. జనం చూసి, పెద్దాయనంటే ఎంత మర్యాదో అనుకుంటున్నారు."

"నేరుగా మొహం మీదికి వచ్చేదాన్ని కూడా ఆ కుర్రాడే అందుకుంటాడా?"

విల్మోర్ తల వంచుకున్నాడు.

"కోచ్‌కి చెప్పు."

"నాకు క్యాచర్‌గా కూర్చోవడం నేర్పింది ఆయన. నా మొదటి బూట్లు ఆయన విప్పి ఇచ్చినవి. ఆయన్ని పంపించెయ్యండి అని నేనెట్లా చెప్తాను యాహోస్? నా నోటితో రాదు. శనివారం ఒక్కటే. పచ్చ రంగు వెయ్యి, గట్టెక్కిస్తాను."

యాహోస్కా మిగిలిన గోళ్ళు కూడా శుభ్రంగా తుడిచింది. గిన్నె పక్కకి జరిపింది. ఊరంతా పండగ చేసుకుంటూ వేళ్ళకి పూసుకుని తిరుగుతున్నది తన తండ్రి చూపు పోతున్న సంగతినే. పూసింది తను.

"వెయ్యను," అంది.

"యాహోస్."

"వెయ్యను. నువ్వెళ్ళు."

అతను వట్టి గోళ్ళతో వెళ్ళాక గాని ఆమెకి అసలు సంగతి తట్టలేదు. రంగు వెయ్యనంత మాత్రాన తండ్రి ఆగుతాడా? ఆగడు. శనివారం ఆరింటికి పిచ్చర్ నిలబడే ఆ మట్టిదిబ్బ ఎక్కుతాడు. ఇప్పుడా వేళ్ళు కూడా కనబడవు. తను భయంతో చేసిన పని భయాన్ని ఇంకో అడుగు దగ్గరికి లాక్కొచ్చినట్టయింది. పాపకి పాలిస్తూ అదే తలుచుకుంది. కాఫీ కప్పు పక్కన ఒలికిపోవడం, గుమ్మంలో చెప్పులు తడుముకోవడం, ఇంట్లో దీపం వెయ్యగానే ఆయన మొహం అటు తిప్పుకోవడం, అన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. అలసటలే అనుకుంది ఇన్నాళ్ళూ.

సాయంత్రం పోలినార్ వచ్చాడు. వస్తూనే వంటింటి స్టూలు తన్నుకున్నాడు.

"ఈ స్టూలికి నేనంటే ప్రాణం. ఎక్కడున్నా ఎదురొస్తుంది," అన్నాడు. పాపని ఎత్తుకుని, పెరట్లో బట్టలుతికే రాయి మీద కూర్చుని, మొక్కజొన్న రొట్టెలో తాజా కుహాదా జున్ను పెట్టుకుని తింటూ, "దోన్యా చెపా వీధిలో గొడవ చేస్తోందేంటి? విల్మోర్‌గాడు గోళ్ళు గీకేసుకున్నాడంటగా," అన్నాడు.

"నేనే తీసేశాను."

"ఎందుకు తల్లీ?"

పాప ఆడుకునే మేజోళ్ళ బంతి నేల మీద ఉంది. పాత మేజోళ్ళు ఉండలా చుట్టి, దారంతో కుట్టిన బంతి. తల్లి పోయిన ఏడు ఆయన యాహోస్కా కోసం కుట్టిన బంతిలాంటిదే. అప్పట్లో ఆయన ఈ పెరట్లోనే నిలబడి మెల్లగా విసురుతూ, పిల్ల బెదరకుండా నోటితో చెప్పేవాడు. వస్తోంది, వస్తోంది, ఇదిగో వచ్చేసింది. ఆ మాటలు వింటూనే ఆమె పట్టుకోవడం నేర్చుకుంది.

బంతి చేతిలోకి తీసుకుంది. "నాన్నా, పాపని చాప మీద కూర్చోబెట్టి అక్కడ నిలబడు. ఆ మామిడిచెట్టు దగ్గర."

"ఎల్లుండి ఫైనల్. చేతికి విశ్రాంతి కావాలమ్మా."

"నువ్వు విసరక్కర్లేదు. నేను విసురుతా."

"ఓహో, నన్ను జట్టులోంచి తీసేసి నిన్ను పెట్టారా?" అని నవ్వుతూనే వెళ్ళి నిలబడ్డాడు. ఆకాశం ఇంకా తెల్లగానే ఉంది. వంటింటి బల్బు ఆమె వెనక వెలుగుతోంది. సరిగ్గా ఆ వేళే.

"వస్తోంది నాన్నా," అని విసిరింది. ఆయన ఒంటిచేత్తో పట్టుకుని తిరిగి విసిరాడు. "వస్తోంది," అని మళ్ళీ విసిరింది. మళ్ళీ పట్టుకున్నాడు. పాప చప్పట్లు కొట్టింది.

మూడోసారి ఆమె ఏమీ అనలేదు. నేరుగా మొహానికి విసిరింది.

బంతి ఆయన చెంప మీద తగిలి కింద పడింది. చెయ్యి లేవలేదు. ఆమెను భయపెట్టింది అది కాదు. బంతి వస్తున్నప్పుడు ఆయన రెప్ప కూడా వెయ్యలేదు. తగిలాక వేశాడు.

పాప పకపకా నవ్వింది. తాత ఆటాడుతున్నాడనుకుంది. పోలినార్ వంగి కుడివైపు నేల తడిమాడు. బంతి ఎడమవైపు, పాదం పక్కనే ఉంది. కాసేపు తడిమి లేచి నిలబడ్డాడు.

"మళ్ళీ వెయ్యి," అన్నాడు.

"వద్దు నాన్నా."

"వెయ్యమ్మా."

బంతి ఆమే తీసుకుని మళ్ళీ వేసింది. రొమ్ముకి తగిలింది. "ఇంకోటి," అన్నాడు. ఈసారి చెయ్యి ముందే ఎత్తి పెట్టుకున్నాడు. బంతి వచ్చి గుప్పెట్లో పడింది.

"చూశావా," అన్నాడు.

"అది చూసి పట్టుకున్నది కాదు. ఊహించి పట్టుకున్నావు."

"ఈ వయసులో నేను బతికేదే ఊహ మీద," అన్నాడుగాని నవ్వలేకపోయాడు. రాయి మీద కూర్చున్నాడు. మేజోళ్ళ బంతిని ఎడమచేతి వేళ్ళ మధ్య, నిజం బంతి పట్టుకున్నట్టే కుట్టు మీద వేళ్ళు ఆనించి పట్టుకున్నాడు.

"డాక్టరు చూశాడు," అన్నాడు. "లోపల నరం ఎండిపోతోందట. ఉన్నదాన్ని నిలబెట్టడానికి చుక్కలిచ్చాడు. పోయింది రాదట. పక్కలు పోతాయి ముందు. తర్వాత చీకట్లో పోద్ది. తర్వాత..."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు పాప తుమ్మితేనే అన్నం మానేస్తావు. నీకెట్లా చెప్పను?"

ఆమె ఆయన పక్కన కూర్చుంది. పాప పాక్కుంటూ వచ్చి తాత బూటు లేసు నోట్లో పెట్టుకుంది.

"నన్నొక మాట చెప్పనీ," అన్నాడు పోలినార్. "ఇంట్లో స్టూలు తన్నుకుంటాను. మార్కెట్లో మనుషుల్ని గుద్దుకుంటాను. ఆ దిబ్బ మీద ఒక్కచోటే ఏదెక్కడుందో నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. బంతి ఎక్కడికి వెళ్తుందో ఆ స్టేడియంలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అది దిగితే నేను అందరికంటే ముందు గుడ్డివాణ్ణవుతాను తల్లీ. దిగకపోతే ఇంకా కొన్నాళ్ళు కాను."

"అది తిరిగి ఎక్కడికి వస్తుందో తెలియదు కదా నాన్నా."

ఆయన మేజోళ్ళ బంతిని గుప్పెట్లో నొక్కాడు.

"ఎవెనోర్‌కి నేను పినోల్ పట్టిస్తుంటాను, నీకు తెలుసా? బెంచీ దగ్గర ఆగి. గొట్టం నోట్లో పెడితే నా చెయ్యి పట్టుకుంటాడు. నీకు కూడా పట్టిస్తాను, పట్టించలేక కాదు. నయేలికి నిన్ను చూపించి ఇదిగో మీ తాత, ఒకప్పుడు ఇట్లా ఉండేవాడు కాదు అని చెప్పడం ఒక్కటే నావల్ల కాదు."

గాలి లేచి మామిడాకులు రేకు మీద రాలుతున్నాయి. పోలినార్ బూటు లేసు పాప నోట్లోంచి మెల్లగా తీశాడు.

"కన్ను అని చెప్పొద్దు ఎవరికీ," అన్నాడు. "చెయ్యి పోయిందంటే ఊరు గౌరవంగా టోపీ తీస్తుంది. కన్ను పోయిందంటే చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తుంది. అది నాకొద్దు."

శుక్రవారం పొద్దున కోచ్ దోన్ రోహెర్ ఇంటికొచ్చాడు. పోలినార్ కబురు పెట్టాడు. ముందుగదిలో, గోళ్ళకి రంగు వేయించుకునే కుర్చీలో కూర్చున్నాడు ఆ పెద్దమనిషి. యాహోస్కా కాఫీ ఇచ్చింది.

"రేపు నేను రావడం లేదు," అన్నాడు పోలినార్. "రేపనే కాదు. ఇంకెప్పుడూ."

దోన్ రోహెర్ కాఫీ చల్లార్చుకుంటూ, "జోకుకి ఫైనల్ ముందు రోజే దొరికిందా?" అన్నాడు.

"జోకు కాదు."

"భుజమా?"

"ఆఁ, భుజమే."

"మంగళవారం నీ బంతి నేను చూశాను. ఆ భుజం నీ కూతురి వయసులో ఉంది. నాతో అబద్ధమాడకు పోలో, నువ్వు నిక్కర్లో ఉన్నప్పట్నుంచీ చూస్తున్నా." ఆయన కప్పు కింద పెట్టి యాహోస్కా వైపు తిరిగాడు. "పిల్ల ఏడ్చిందా? నిన్న గోళ్ళ గొడవ విన్నాను. ఈ పిల్ల చిన్నప్పట్నుంచీ మెట్ల మీద కళ్ళు మూసుకుని కూర్చునే రకం."

పోలినార్ కూతురి వైపు చూశాడు. ఆ గదిలో వెలుగు బాగానే ఉంది, ఆమెను సరిగ్గానే చూడగలిగాడు. ఆ చూపులో ఒక అడగడం ఉంది, అడుగుతున్నందుకు సిగ్గూ ఉంది.

"అవును దోన్ రోహెర్," అంది యాహోస్కా. "నేనే వద్దన్నాను. నాకు భయం. ఏడ్చి, ఒట్టేయించుకున్నాను."

దోన్ రోహెర్ చాలాసేపు ఆమెను చూశాడు. "ఊరు నిన్ను ఊరుకోదమ్మాయ్," అన్నాడు, కోపంగా కాదు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, పోలినార్ ఎడమ భుజం మీద చెయ్యి వేసి, ఏమీ అనకుండానే తీసేశాడు.

శనివారం తండ్రీకూతుళ్ళు పెరట్లో రేడియో పెట్టుకుని విన్నారు. వేరే కుర్రవాడు విసిరాడు. ప్రతి బంతికీ ముందు పోలినార్ "వంపు వెయ్యి" అనో "లోపలికి వెయ్యి" అనో మెల్లగా అంటూనే ఉన్నాడు. ఏడో ఇన్నింగ్స్‌లో ఆ కుర్రవాడి వైపు బంతి నేరుగా తిరిగొచ్చిందని రేడియోవాడు గొంతు పెంచాడు. కుర్రవాడు గ్లవ్ అడ్డం పెట్టి పట్టుకున్నాడు. పోలినార్ అప్రయత్నంగా కుడిచెయ్యి ఎత్తాడు. బంతి పట్టుకున్నారన్న మాట రేడియోలో వచ్చాక ఎత్తాడు. ఎత్తిన చేతిని కాసేపు చూసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. యాహోస్కా అది చూడనట్టు పాప బొంత సర్దింది.

ఊరు ఓడిపోయింది.

దోన్ రోహెర్ అన్నట్టే అయింది. ముందుగదిలో కుర్చీలు ఖాళీ. దోన్యా చెపా ఎదురుపడితే గోళ్ళు చూసుకుంటూ పోయేది. మార్కెట్లో టమాటాలు తూచే ఆవిడ ఒకరోజు, "మీ నాన్న భుజం కులాసాయేనా? నీ ఏడుపు కులాసాయేనా?" అంది. పక్కవాళ్ళు నవ్వారు. యాహోస్కా టమాటాలు తీసుకుని, "ఇద్దరం కులాసా," అని వచ్చేసింది. విల్మోర్ ఒక్కడు వస్తాడు ఇప్పటికీ. ఆట లేకపోయినా వస్తాడు. దొడ్డిదారిన కాకుండా వీధి గుమ్మంలోంచి వచ్చి, అందరూ చూసేలా చేతులు బల్ల మీద పెడతాడు. "పాలరంగు వెయ్యి. ఇప్పుడు విసిరేవాళ్ళ కళ్ళు బాగానే ఉన్నాయి," అంటాడు.

పోలినార్ మధ్యాహ్నాలు రోడ్డు అవతల మైదానంలో పిల్లలకి బంతి విసరడం నేర్పుతున్నాడు. ఎవరి వేళ్ళు కుట్టు మీద సరిగ్గా లేవో తడిమి చెప్తాడు. పిల్లలకి అదేమీ వింతగా లేదు, గురువు కదా, చెయ్యి పట్టి నేర్పుతున్నాడనుకుంటారు. యాహోస్కా పొద్దునా రాత్రీ కంట్లో చుక్కలు వేస్తుంది. బంతి భయం పోయింది.

దాని చోట ఇంకోటి వచ్చి కూర్చుంది. మైదానానికీ ఇంటికీ మధ్య పెద్ద రోడ్డు. సరిహద్దు వైపు పోయే లారీలు, అరటిగెలల లారీలు. వెళ్ళేటప్పుడు ఎండ ఉంటుంది. తిరిగొచ్చేసరికి అదే వేళ, దీపాలు వెలిగి ఆకాశం ఆరని వేళ. తీసుకురావడానికి తను వెళ్తానంటే ఒప్పుకోడు. కర్ర తీసుకోమంటే ఒప్పుకోడు. "రోడ్డు దాటడం రానివాణ్ణా?" అంటాడు. ఆమె పాపని చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడి, లారీ హారన్ మోగినప్పుడల్లా కళ్ళు మూసుకుంటుంది. పాపకి ఒళ్ళు వెచ్చబడ్డ రోజు గుమ్మందాకా వచ్చి నిలబడే వీలు కూడా ఉండదు.

ఊరివాళ్ళకి చెప్పనని యాహోస్కా ఆయనకి మాటిచ్చింది కాబట్టి ఈ సంగతి విల్మోర్‌కి తప్ప అక్కడెవరికీ తెలియదు. మీరు ఆ ఊరివాళ్ళు కారు. ఎప్పుడైనా ఆరింటి వేళ ఆ రోడ్డు మీద వెళ్తుంటే, మైదానం దగ్గర ఒకసారి బండి ఆపి చూడండి. పొడుగాటి మనిషి, కుడిచేతికి పాత గ్లవ్ తగిలించుకుని రోడ్డు అంచున నిలబడి ఉన్నాడేమో చూడండి. ఉంటే చెయ్యి మాత్రం పట్టుకోకండి, నొచ్చుకుంటాడు. పక్కన నిలబడి, ఏదో ఒకటి పైకి మాట్లాడుకుంటూ మీరు దాటండి. ఆ మాట వెంట ఆయన వచ్చేస్తాడు. ఆయన ఇల్లు చేరాడో లేదో చూసి, వచ్చేశాడని ఆమెకి తెలిసేలా గోళ్ళకి రంగులేసే ఇంటి ముందు ఒక్కసారి హారన్ కొట్టి వెళ్ళండి.